బాకీ తీరింది సరే, చెల్లు రాయించుకున్నారా?

మన ఊళ్ళలో బాకీ తీర్చే రోజు ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అసలు, వడ్డీ లెక్క కట్టి షావుకారు చేతిలో డబ్బు పెట్టాక కూడా మన పెద్దవాళ్ళు అరుగు దిగేవారు కాదు. ఆయన లోపలికి వెళ్ళి, పెట్టె తెరిచి, ప్రోనోటు తెచ్చి చేతికివ్వాలి. దాన్ని అక్కడికక్కడే చింపితే గాని బాకీ తీరినట్టు కాదు. కొంతే కడితే నోటు వెనక జమ రాయించేవారు. డబ్బు కట్టి నోటు అడగడం మరిచిపోయినవాడు, షావుకారు పోయాక ఆయన కొడుకు చేతిలో అదే నోటు చూసి లబోదిబోమన్న కథ దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంటుంది.

ఆ కథ అమెరికాలోనూ జరుగుతుంది. ఇక్కడ షావుకారు పెట్టె ఉండదు, కోర్టు రికార్డు ఉంటుంది. అంతే తేడా.

ఆ మధ్య క్యాంపులో ఉండే ఒక తమ్ముడు మా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఇంటి దగ్గర నుంచి భార్యాబిడ్డలు వస్తున్నారు, క్యాంపు గది వదిలి చిన్న అపార్టుమెంటు తీసుకుందామని అప్లికేషన్ పెట్టాడు. ఇవ్వం అన్నారు. కారణం, అతని మీద కోర్టు డిక్రీ ఉందట. పాత కారు కోసం తీసుకున్న అప్పు అది. వాయిదాలు తప్పితే కంపెనీ కోర్టుకి వెళ్ళింది, డిక్రీ తెచ్చుకుంది, అతని జీతంలోంచి నెలనెలా కోయించుకుంది. చివరి కోత పడి మూడేళ్ళు దాటింది.

"మొత్తం కట్టినా గదా అన్నా, నా జీతంల నుంచే గుంజుకున్నరు గదా, ఇంకేంది ఇది?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం కాగితాలు తిరగేస్తే, ఇది నిన్న మొన్న పుట్టిన ఇబ్బంది కాదని తెలిసింది. దీని వెనక దాదాపు 200 ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఏ కాగితం ఎక్కడ అడగాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాం.

లింకన్ కూడా డిక్రీ పడినవాడే

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ గుడిసెలో పుట్టాడనీ, కూలి పని చేశాడనీ మనం బడిలో చదువుకున్నాం. ఆయన అప్పులపాలైన సంగతి చాలామందికి తెలియదు.

1830ల మొదట్లో ఇల్లినాయి రాష్ట్రంలో న్యూ సేలం అనే పల్లెలో లింకన్, విలియం బెర్రీ అనే స్నేహితుడితో కలిసి కొట్టు పెట్టాడు. సరుకంతా అరువు మీద, నోట్ల మీద తెచ్చిందే. వ్యాపారం సాగలేదు, కొట్టు మూతపడింది. 1834లో అప్పులవాడు కోర్టుకి వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నాడు. అప్పటికి లింకన్ భూములు కొలిచే సర్వేయరు పని చేసుకుంటూ బతుకుతున్నాడు. అతని గుర్రం, జీను, కొలత సామాను జప్తు చేసి వేలానికి పెట్టారు. పనిముట్లే పోతే ఇక కూడు ఎక్కడిది? జేమ్స్ షార్ట్ అనే రైతు ఆ వేలంలో 120 డాలర్లకు వాటిని పాడి, తిరిగి లింకన్ చేతికే ఇచ్చాడు.

1835లో బెర్రీ చనిపోయాడు. అతని వాటా అప్పు కూడా లింకన్ నెత్తినే పడింది. మొత్తం 1,100 డాలర్లు. ఆ రోజుల్లో అతనికి అది కొండంత. దాన్ని తన "జాతీయ రుణం" అని స్నేహితులతో నవ్వుతూ చెప్పుకునేవాడట. తీర్చడానికి ఏళ్ళు పట్టింది. కాంగ్రెసు సభ్యుడయ్యాక కూడా జీతంలోంచి మిగిల్చి ఈ బాకీలకు పంపాడని ఆయన వకాలతు భాగస్వామి హెర్న్‌డన్ చెప్పాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. న్యూ సేలం చిన్న ఊరు. లింకన్ అప్పు పడ్డాడనీ అందరికీ తెలుసు, తీరుస్తున్నాడనీ అందరికీ తెలుసు. డిక్రీ ఎంత త్వరగా తెలిసిందో, నిజాయితీ కూడా అంత త్వరగానే తెలిసింది. ఊరే రికార్డు. మన ఊళ్ళలో లాగే అన్నమాట.

ఊరు దాటి వ్యాపారం పెరిగాక ఈ పద్ధతి చెడింది.

పరాయివాడి గురించి రాసిన పుస్తకాలు

1837లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. న్యూయార్కులో పట్టు బట్టల వ్యాపారం చేసే టాపన్ సోదరుల కొట్టు కూడా కూలింది. దూరపు ఊళ్ళ వర్తకులకు అరువిచ్చి, తిరిగి రాక దెబ్బతిన్నారు. వాళ్ళలో లూయిస్ టాపన్ అనే ఆయన బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడినవాడు, మతభక్తి కలవాడు. ముఖం చూడని మనిషికి అరువు ఇవ్వాలా వద్దా అని ఎలా తెలుస్తుంది అన్నది ఆయన్ని తొలిచిన ప్రశ్న. 1841లో న్యూయార్కులో మర్కంటైల్ ఏజన్సీ పెట్టాడు. ఊరూరా మనుషుల్ని కుదుర్చుకున్నాడు. ఎక్కువమంది వకీళ్ళు. వాళ్ళ పని ఆ ఊరి వర్తకుడి ఆస్తి, అప్పు, నడవడి, తాగుడు, కోర్టు దావాలు అన్నీ రాసి పంపడం. మాలాంటి గుమాస్తాలు వాటిని పెద్ద పెద్ద పుస్తకాల్లో ఎక్కించేవారు. చందా కట్టిన వ్యాపారి ఆఫీసుకి వస్తే చదివి వినిపించేవారు. ఆ పుస్తకాలు 2,500కు పైగా ఇప్పటికీ హార్వర్డు బిజినెస్ స్కూలు బేకర్ లైబ్రరీలో ఉన్నాయి.

వింత ఏమిటంటే, వకీలైన తర్వాత లింకన్ కూడా ఈ ఏజన్సీకి సమాచారం పంపినవాళ్ళలో ఒకడు. ఒకప్పుడు డిక్రీ పడినవాడే ఇతరుల పరపతి గురించి రాశాడు.

ఈ పుస్తకాల్లో పెద్ద లోపం ఒకటుంది. ఎవరి గురించి రాశారో వాళ్ళకి చూపించరు. తప్పు రాసినా తెలియదు. ఒహాయో రాష్ట్రం నార్వాక్ ఊరి వర్తకులైన బియర్డ్‌స్లీ సోదరులు తమ గురించి అబద్ధం రాశారని 1848లో టాపన్ మీద దావా వేశారు. వాళ్ళలో ఒకాయన భార్య విడాకులకు వెళ్ళబోతోందనీ, ఆయన ఆస్తి చేతులు మార్చబోతున్నాడనీ రాశారన్నది గొడవ. 1851లో జ్యూరీ వాళ్ళకి 10,000 డాలర్లు ఇమ్మంది. కేసు పైకి వెళ్ళి, 1870లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 22 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. డబ్బున్న వర్తకుల గతే అదైతే, కూలి మనిషి గతి చెప్పక్కర్లేదు.

వర్తకుడి నుంచి మామూలు మనిషి దాకా

మొదట్లో ఈ పుస్తకాలు వ్యాపారస్తుల గురించే. 1899లో అట్లాంటాలో వూల్‌ఫర్డ్ సోదరులు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టి, మామూలు కొనుగోలుదారుల చిట్టా రాయడం మొదలుపెట్టారు. మనం ఇప్పుడు ఈక్విఫాక్స్ అంటున్నది ఆ కంపెనీనే. 1968లో ట్రాన్స్ యూనియన్ పుట్టింది. రైళ్ళకు తగిలించే ట్యాంకు వ్యాగన్లు అద్దెకిచ్చే కంపెనీ దాన్ని పెట్టింది. మరుసటి ఏడు షికాగో ప్రాంతపు క్రెడిట్ బ్యూరోని అది కొన్నప్పుడు వచ్చిన ఆస్తి ఏమిటో తెలుసా? 400 బీరువాల్లో 36 లక్షల కార్డులు. మూడోదైన ఎక్స్‌పీరియన్, అంతకు ముందు టి.ఆర్.డబ్ల్యూ. అనే కంపెనీలో భాగంగా ఉండి, 1996లో ఆ పేరుతో వేరుపడింది.

ఆ కార్డుల్లోకి సమాచారం ఎక్కడెక్కడి నుంచో వచ్చేది. కొట్లవాళ్ళు చెప్పింది కొంత, పేపరు కత్తిరింపులు కొంత, ఇరుగు పొరుగు చెప్పింది కొంత. కోర్టు రిజిస్టర్ల నుంచి ఎత్తి రాసింది కొంత. డిక్రీలు ఎక్కింది ఇలాగే. కోర్టు తనంతట తాను క్రెడిట్ బ్యూరోకి ఏమీ పంపదు. బ్యూరో మనిషి, లేదా బ్యూరో కుదుర్చుకున్న కాంట్రాక్టరు మనిషి కోర్టుకి వెళ్ళి చూసి రాసుకునేవాడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

1960ల చివర్లో కంప్యూటర్లు వస్తున్నాయి, ఈ చిట్టాలన్నీ వాటిలోకి పోతున్నాయి అని జనంలో గుబులు పుట్టింది. అమెరికా కాంగ్రెసు విచారణలు జరిపింది. సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ పట్టుబట్టి పనిచేసిన చట్టం 1970 అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో వచ్చింది. అదే ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్టు. 1971 ఏప్రిల్ నుంచి అమలైంది. మన చిట్టాలో ఏముందో అడిగి తెలుసుకునే హక్కు, తప్పుంటే తిరిగి విచారించమనే హక్కు మామూలు మనిషికి దేశమంతటా అప్పుడే దక్కాయి. టాపన్ పుస్తకం తెరిచిన 130 ఏళ్ళకు!

డిక్రీల గురించి ఆ చట్టం ఒక గడువు పెట్టింది. కోర్టులో నమోదైన రోజు నుంచి 7 ఏళ్ళు, లేదా వసూలుకు ఉన్న చట్టపు గడువు తీరేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఆ తర్వాత మామూలుగా చూపకూడదు. బాగానే ఉంది. కానీ కట్టేస్తే తీసెయ్యాలని చట్టంలో లేదు. కట్టినవాడి పేరు పక్కన "తీరింది" అని రాయాలి, అంతవరకే. డిక్రీ మాత్రం పేజీ మీద అలాగే ఉండేది. కట్టినా మచ్చ, కట్టకపోయినా మచ్చ. ఆ "తీరింది" అన్న ముక్క కూడా రాయకపోతే కట్టినవాడికీ ఎగ్గొట్టినవాడికీ తేడానే లేదు.

పన్ను కట్టినవాళ్ళే ఎగవేతదారులైన ఊరు

1991లో వెర్మాంట్ రాష్ట్రంలో నార్విచ్ అనే చిన్న ఊళ్ళో ఒక వింత జరిగింది. ఉన్నట్టుండి ఆ ఊరి వాళ్ళకి అప్పులు పుట్టడం మానేశాయి. డాక్టరుకీ అంతే, రైతుకీ అంతే. ఆరా తీస్తే, టి.ఆర్.డబ్ల్యూ. చిట్టాల్లో ఊళ్ళో దాదాపు 1,400 మంది పన్ను ఎగ్గొట్టినవాళ్ళుగా ఎక్కి ఉన్నారు. రికార్డులు ఎత్తి రాయడానికి కాంట్రాక్టరు పంపిన మనిషి టౌను ఆఫీసులో పన్ను కట్టినవాళ్ళ జాబితా చూసి, అదే బకాయిదారుల జాబితా అనుకుని ఎక్కించేశాడు. కట్టినందుకే పేరు చెడింది! కంపెనీ తప్పు ఒప్పుకుని సరిదిద్దింది.

ఊరంతా ఒకేసారి దెబ్బతింది కాబట్టి అది బయటపడింది. ఒక్కడికే జరిగితే? 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ అప్పీలు కోర్టు అలాంటి కేసు ఒకటి చూసింది. లాస్ ఏంజిల్స్‌లో ఒక అద్దెదారు, ఇంటి యజమాని కోర్టులో రాజీ పడ్డారు. డిక్రీ వద్దని రాసుకున్నారు, అతను డబ్బు కట్టాడు. అయినా ఎక్స్‌పీరియన్ రిపోర్టులో డిక్రీ ఉన్నట్టు ఎక్కింది. అతను అభ్యంతరం చెబితే, కాంట్రాక్టరు మనిషి మళ్ళీ కోర్టు కాగితం చూసి, అర్థం కాక, మళ్ళీ డిక్రీ ఉందనే చెప్పాడు. కోర్టు కాగితం చదవడం తెలియనివాళ్ళతో విచారణ చేయిస్తే అది విచారణ కాదని న్యాయమూర్తులు తేల్చారు. గెలుపు అద్దెదారుదే.

2015 తర్వాత వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ ఫెడరల్ కోర్టులో క్రెడిట్ బ్యూరోల మీద పడిన దావాల్లో ఆరోపణ సూటిగా మా తమ్ముడు అడిగిన ప్రశ్నే. డిక్రీ పడగానే రాసుకుంటారు, అది తీరిందనో, కొట్టేశారనో కోర్టులో కాగితం పడితే అంత శ్రద్ధగా ఎందుకు రాసుకోరు? ఈ దావాలు చివరికి రాజీలతో ముగిశాయి.

ఇందులో మర్మం ఏమీ లేదు. చిట్టాకి డబ్బు కట్టి కొనేవాడు అప్పిచ్చేవాడు. అతనికి కావాల్సింది ఎవడు ఎగ్గొట్టాడన్నది. ఎవడు కట్టాడన్నది కట్టినవాడికి తప్ప ఇంకెవరికీ అంత తొందర లేని సంగతి.

తెలియకుండానే పడిన డిక్రీలు

ఇంకో రకం కూడా ఉంది. కోర్టు నోటీసు మన చేతికి రాకుండానే మన మీద డిక్రీ పడటం. నోటీసు ఇవ్వాల్సినవాడు దాన్ని ఇవ్వకుండానే ఇచ్చానని ప్రమాణపత్రం దాఖలు చేస్తాడు. నోటీసును మురుగుకాలవలో పారేశాడు అన్న అర్థంతో ఇక్కడివాళ్ళు దీన్ని "స్యూయర్ సర్వీసు" అంటారు. మనం వాయిదాకి వెళ్ళం, కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేస్తుంది. 2009లో న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్ ఆండ్రూ కోమో ఇలాంటివి సుమారు లక్ష డిక్రీలు కొట్టేయాలని 35 లా ఆఫీసుల మీద, 2 వసూలు కంపెనీల మీద కోర్టుకి వెళ్ళాడు. అడ్రసు తరచూ మారే కూలివాళ్ళు, ఇంగ్లీషు రానివాళ్ళు ఇలాంటి వాటిలో తేలిగ్గా ఇరుక్కుంటారు. క్యాంపు నుంచి క్యాంపుకి మారే మనం వాళ్ళలో ఉన్నట్టే లెక్క.

ఇక్కడ రెండు మాటలు వేరు చేసి చూడాలి. డబ్బు కట్టాక కోర్టులో పడేది "శాటిస్‌ఫాక్షన్ ఆఫ్ జడ్జిమెంట్". అంటే డిక్రీ సరైనదే, అది తీరింది అని. అసలు డిక్రీయే చెల్లదని కోర్టు రద్దు చేస్తే అది "వెకేట్" చేయడం. మొదటిది మనం కట్టినట్టు చూపుతుంది. రెండోది డిక్రీనే ఎత్తేస్తుంది. నోటీసు అందలేదని నిజంగా చూపగలిగితే రెండోది అడగొచ్చు. దానికి గడువులు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి, ఉచిత న్యాయ సహాయం ఇచ్చే లీగల్ ఎయిడ్ వాళ్ళని కలవడం మంచిది. అందిన నోటీసును అందలేదని మాత్రం చెప్పకండి.

2017లో పెద్ద మార్పు

తప్పుల గోల పెరిగి పెరిగి లెక్కలు తీసేదాకా వచ్చింది. 2013లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించిన అధ్యయనంలో, ప్రతి అయిదుగురిలో ఒకరికి మూడు బ్యూరోల్లో ఏదో ఒకదాని రిపోర్టులోనైనా తప్పు ఉన్నట్టు తేలింది. 2015 మార్చిలో మూడు బ్యూరోలూ న్యూయార్కు అటార్నీ జనరల్‌తో ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడు మేలో మరో 31 రాష్ట్రాలతో చేసుకున్నాయి. దాని ప్రకారం డిక్రీ చూపాలంటే పేరు, అడ్రసుతో పాటు సోషల్ సెక్యూరిటీ నంబరు గాని, పుట్టిన తేదీ గాని ఉండాలి. అంతేకాదు, కనీసం 90 రోజులకొకసారి కోర్టు రికార్డు మళ్ళీ చూసి సరిచేయాలి.

కోర్టు కాగితాల మీద సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ సాధారణంగా ఉండవు. కాబట్టి 2017 జులై 1 నుంచి డిక్రీలు దాదాపు అన్నీ మూడు బ్యూరోల రిపోర్టుల నుంచి పోయాయి. 2018 ఏప్రిల్ నాటికి పన్ను లియెన్లు కూడా పూర్తిగా పోయాయి. కోర్టు రికార్డుల్లో దివాలా ఒక్కటే ఇప్పుడు అక్కడ కనిపిస్తోంది. కట్టిన డిక్రీని తీయించుకోలేక ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసినవాళ్ళకి ఒక్క రోజులో పని అయిపోయింది.

అయితే మా తమ్ముడికి ఇల్లు ఎందుకు రాలేదు?

పేజీ మీద పోయింది, పెట్టెలో ఉంది

ఎందుకంటే బ్యూరోలు తమ పేజీ మాత్రమే తుడిచాయి. కోర్టు రిజిస్టరు అలాగే ఉంది. అద్దెకిచ్చేవాళ్ళకి రిపోర్టులు అమ్మే స్క్రీనింగు కంపెనీలు వేరే ఉన్నాయి. వాళ్ళు కోర్టు రికార్డులు ఇంకా ఎత్తి రాస్తూనే ఉన్నారు. ఇల్లు కొనేటప్పుడు టైటిల్ వెతికేవాళ్ళూ కోర్టు రికార్డే చూస్తారు. డిక్రీ ఆయుష్షు కూడా తక్కువేం కాదు. కాలిఫోర్నియాలో 10 ఏళ్ళు, మళ్ళీ పొడిగించుకోవచ్చు. న్యూయార్కులో 20 ఏళ్ళు. అప్పులు చేతులు మారే దేశమిది. చెల్లు పడని డిక్రీని రేపు ఇంకో కంపెనీ కొని వసూలుకి రాదన్న హామీ ఏమీ లేదు.

ఇంకో సంగతి. డిక్రీ పోయినా, దాని వెనక ఉన్న అసలు అప్పు, వాయిదాలు తప్పినట్టు, వసూలుకి ఇచ్చినట్టు రిపోర్టులో 7 ఏళ్ళదాకా ఉండొచ్చు. అది సున్నా బాకీగా, కట్టినట్టుగా చూపుతోందా లేదా అన్నది విడిగా చూసుకోవాలి.

ఈ చరిత్రంతా చదివాక మేము చేసుకున్న వరస ఇది.

మొదట కోర్టు. ఏ కౌంటీ కోర్టులో డిక్రీ పడిందో అక్కడి క్లర్కు ఆఫీసులో కేసు నంబరుతో ఫైలు చూడమని అడగాలి. అందులో శాటిస్‌ఫాక్షన్ కాగితం ఉంటే సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోవాలి. లేకపోతే అప్పిచ్చిన కంపెనీకి, లేదా వాళ్ళ వకీలుకి కట్టిన రుజువులు జతచేసి, శాటిస్‌ఫాక్షన్ దాఖలు చేయమని సర్టిఫైడ్ మెయిల్లో రాయాలి. జీతంలో కోత పడి ఉంటే పే స్టబ్బులు, పే ఆఫీసు లెక్క కావాలి. అందుకే వాటిని పారెయ్యకండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇలా అడిగిన 15 రోజుల్లో వాళ్ళు దాఖలు చేయాలి. తగిన కారణం లేకుండా చేయకపోతే మనకి జరిగిన నష్టంతో పాటు 100 డాలర్లు ఇచ్చుకోవాలి. మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి నిబంధనలు ఉన్నాయి, గడువులు వేరు. వాళ్ళు అప్పటికీ కదలకపోతే కోర్టునే అడగొచ్చు. తక్కువకి రాజీ కుదుర్చుకునేవాళ్ళు, "దీనితో డిక్రీ పూర్తిగా తీరినట్టు కోర్టులో దాఖలు చేస్తాం" అన్న మాట డబ్బు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోవాలి.

తర్వాత రిపోర్టులు. మూడు బ్యూరోల రిపోర్టులూ వారానికొకసారి ఉచితంగా తీసుకోవచ్చు. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్ అన్నదే చట్టం ప్రకారం నడిచే చోటు. ఇల్లు గాని, అప్పు గాని రిపోర్టు చూసి కాదంటే, ఏ కంపెనీ రిపోర్టు చూశారో చెప్పాలి. 60 రోజుల్లోపు అడిగితే ఆ కంపెనీ మనకి ఉచితంగా కాపీ ఇవ్వాలి. తప్పుంటే కోర్టు కాపీ జతచేసి రాయాలి. మామూలుగా 30 రోజుల్లో విచారించి జవాబివ్వాలి. స్క్రీనింగు కంపెనీలకీ 1970 చట్టమే వర్తిస్తుంది.

చివరగా ఒక హెచ్చరిక. "మీ రికార్డు శుభ్రం చేస్తాం, ముందు ఇంత కట్టండి" అనేవాళ్ళు క్యాంపుల చుట్టూ తిరుగుతుంటారు. పని పూర్తికాకముందు డబ్బు తీసుకోకూడదని 1996 నుంచి చట్టమే ఉంది. వాళ్ళు చేయగలిగే ఉత్తరం మనమూ రాయగలం. నిజంగా పడిన డిక్రీని లేదని చెప్పించడం ఎవరి తరమూ కాదు. తీరినదాన్ని తీరిందని చెప్పించడం మన హక్కు.

మన దేశంలోనూ ఇంతే

ఇది అమెరికా వాళ్ళ తిరకాసు అనుకోకండి. మన సివిల్ ప్రొసీజర్ కోడు 1908 నాటిది. అందులో ఆర్డరు 21, రూలు 2 ఏం చెబుతుందంటే, డిక్రీ బాకీ కోర్టు బయట కడితే ఆ సంగతి కోర్టులో నమోదు కావాలి. నమోదు కాని చెల్లింపును డిక్రీ అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. డబ్బు అందుకున్నవాడు చెప్పకపోతే, కట్టినవాడే దరఖాస్తు పెట్టాలి. దానికి గడువు 30 రోజులు. ఇంటి దగ్గర మీ మీద డిక్రీ ఉండి, నాన్నో అన్నో వెళ్ళి షావుకారుకి కట్టి వచ్చి ఉంటే, ఈ వారం ఫోను చేసినప్పుడు అడగండి. కోర్టులో రాయించారా అని. బ్యాంకు అప్పు అయితే బాకీ లేదన్న సర్టిఫికెట్టు తీసుకున్నారా, 2000లో పుట్టిన సిబిల్ చిట్టాలో ఆ ఖాతా మూసినట్టు చూపుతోందా అని కూడా అడగండి.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాం. కోర్టు ఫైలులో శాటిస్‌ఫాక్షన్ లేదు. పే స్టబ్బులు అతను ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాడు. అవే కాపాడాయి. ఉత్తరం వెళ్ళింది, దాఖలైంది, స్క్రీనింగు రిపోర్టు మారింది. అయితే అడిగిన అపార్టుమెంటు అప్పటికి ఇంకొకరికి పోయింది. భార్య, పాప వచ్చిన మొదటి నెల తెలిసినవాళ్ళింట్లో ఒక గదిలో సర్దుకున్నారు. ఆ తర్వాత వేరే ఇల్లు దొరికింది. మూడేళ్ళ కిందట ఒక్క కాగితం అడిగి ఉంటే ఆ నెల తప్పేది.

లింకన్ బాకీ తీరుస్తుంటే ఊరంతా చూసింది. మనం తీరుస్తుంటే చూసేవాళ్ళు లేరు. క్యాంపులో పడే కష్టం, నెలనెలా జీతంలో పడే కోత ఏ చిట్టాలోనూ వాటంతట అవి ఎక్కవు. మన పెద్దవాళ్ళు నోటు చేతికి వచ్చేదాకా అరుగు దిగలేదు. మనమూ దిగవద్దు.